నూకరత్నం కుడికాలు

ఇలా దగ్గరికి జరగండి. ఆ సెల్లు కాసేపు బోర్లించండి, ఎక్కడికీ పారిపోదు. చెప్పబోయేది మన నూకరత్నం కుడికాలి కథ. నవ్వితే నవ్వండి గానీ చెవులు మాత్రం ఇటు పెట్టండి. తెలివంతా తలలోనే ఉంటుందనుకుంటారు చదువుకునే పిల్లలు. కాలి తెలివి కాలికి ఉంటుంది. దాని జ్ఞాపకం దానిది. ఒకసారి ఒంటబట్టించుకుందంటే, తర్వాత తల వచ్చి బతిమాలినా వినదు. అలాంటి మొండికాలిని దారికి తెచ్చుకున్న మనిషి నూకరత్నం.

ఆమెది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. పెళ్ళై వచ్చిన ఏడాదే కాశీబుగ్గ జీడి షెడ్డులో పిక్కలు కోసే పనికి కుదిరింది. పిక్క కోయడం మాటలు కాదు. ఉడికించి ఆరబెట్టిన పిక్కను ఎడమచేత్తో రెండు కత్తుల మధ్య పెట్టాలి. కుడికాలితో కిందున్న పెడల్ నొక్కాలి. ఆ నొక్కు ఉండగానే కుడిచేత్తో పిడి లాగాలి. అప్పుడు పెంకు విడి, పప్పు గుండుగా బయటపడుతుంది. నొక్కు ఎక్కువైతే పప్పు బద్దలవుతుంది. ఏమరుపాటైతే వేలు తెగుతుంది.

ఆ పని నేర్పింది బొడ్డమ్మ. నూకరత్నం పక్కింటావిడే. షెడ్డులో అందరికంటే పాత మనిషి, అందరికంటే పెద్ద నోరు. కొత్త కోడలి వెనక పీట వేసుకుని కూర్చుని, "పెట్టు, నొక్కు, లాగు. పెట్టు, నొక్కు, లాగు" అని పాటలా అనేది. గుండు పప్పు బయటపడితే "సెబాసే నా బంగారం!" అని వీపు తట్టేది. బద్దయితే కొబ్బరి ఈనెతో మోకాలి మీద ఒక చిన్న దెబ్బ. కొన్నాళ్ళకు పాట అక్కర్లేకపోయింది. ఇంకొన్నాళ్ళకు ఆలోచనే అక్కర్లేకపోయింది. నోరు ఇంటి సంగతులు చెబుతుంటే, చేయీ కాలూ వాటి పని అవి చేసుకుపోయేవి. చేయి కదిలితే చాలు, కాలు నొక్కేది.

షెడ్డులో ఒక ఆచారం ఉంది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. తినే సరుకు కాబట్టి అని యజమాని అంటాడు. అన్నం పెట్టే చోటు కాబట్టి అని ఆడవాళ్ళంటారు. ఏదైతేనేం, అందరివీ ఉత్త కాళ్ళే. నూకరత్నం పెడల్ ఆమె అరికాలి రాపిడికి అద్దంలా మెరిసేది.

ఆమె పెనిమిటి వైకుంఠరావు ఆటో తోలేవాడు. ఊరికీ పలాస స్టేషన్‌కీ మధ్య ఆయన ఎక్కించని మనిషి లేడు. ఉన్నట్టుండి ముఖం ఉబ్బింది, కాళ్ళు నీరు పట్టాయి. ఉద్దానంలో ఆ మాట అంటే కిడ్నీలేనని ఎవరికైనా తెలుసు, జబ్బు పేరు ఇంకెవరూ అడగరు. డయాలిసిస్ కోసం పలాస ఆసుపత్రికి వెళ్ళి రావడమే ఆయన పనైపోయింది. ఆటో కొబ్బరాకుల పాక కింద టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. ఆ కాలంలోనే షెడ్డులోకి కొత్త కోత మిషన్లు వచ్చాయి. కోసే ఆడవాళ్ళని ఇంటి దగ్గరే ఉండమన్నారు.

బావగారి కొడుకు మనోహర్ కూడా ఆటో తోలేవాడే. ఒకనాడు వచ్చి, "పిన్నీ, బండి అలా ఉంచితే తుప్పట్టిపోద్ది. నందిగాంలో ఒకాయన కొంటానని అడుగుతున్నాడు. ఇచ్చీ" అన్నాడు.

నూకరత్నం చేట పక్కన పెట్టింది. "ఇవ్వను. బండి నానే తోల్తాను."

మనోహర్ నవ్వాడు. బొడ్డమ్మ నవ్వింది. మంచం మీద వైకుంఠరావు మాత్రం నవ్వలేదు.

ఆమె మనసులో ఉన్నది ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్ళే రోజున ఆయన ఊళ్ళో వాళ్ళ ఆటో ఎక్కి, ఓ మూల ఒదిగి, ఎదుటివాళ్ళ మోకాళ్ళు తగలకుండా కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. సగం ఉద్దానాన్ని ఎక్కించి తిప్పిన మనిషి! ఆయన్ని ఆయన బండిలో, వెనక సీటు నడిమధ్యన, కాళ్ళు చాపుకుని కూర్చోబెట్టాలి. అదీ ఆమె పంతం.

బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్లెల్లార్ కాగితం తీసుకుంది. పొద్దున్నే తోటల మధ్య ఇసుక బాట మీదికి బండి తీశారు. నూకరత్నం చెప్పులు విడిచి కొబ్బరి మొదట్లో పక్కపక్కన పెట్టింది. హేండిల్ తాకి కళ్ళకద్దుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుంది. మనోహర్ పక్కన ఒరిగి నిలబడ్డాడు.

"క్లచ్చి మెల్లగా ఒగ్గు పిన్నీ. ఆఁ, ఇప్పుడు ఎక్సలేటర్ తిప్పు."

ఆమె కుడిచేయి తిప్పింది. తిప్పీ తిప్పకముందే కుడికాలు బ్రేకు మీద పడింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"బ్రేకెందుకు తొక్కినావు?"

"నాను తొక్కనేదురా."

"మరెవులు తొక్కినారు, మీ అత్తా?"

మళ్ళీ తిప్పింది. మళ్ళీ తొక్కింది. చేయి కదిలితే చాలు, ఎవరో పిలిచినట్టు కాలు వచ్చేసేది. దూరంగా పెట్టుకుంది. అక్కడి నుంచీ వచ్చింది. కాలికి నచ్చజెప్పింది, తిట్టింది, చివరికి ఆ కాలికే దణ్ణం పెట్టుకుంది. నీళ్ళబిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

"ఒలే నూకరత్నం, బండికి ఎక్కిళ్ళొచ్చినట్టున్నాయి. కాసిని నీళ్ళు పట్టించే!"

మనోహర్‌కి ఓపిక తక్కువ. "కాలు! కాలు! పిన్నీ, కాలు!" అని చెవిలో అరిచేవాడు. అరిచినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది. ఉలిక్కిపడినప్పుడల్లా కాలు ఇంకా గట్టిగా తొక్కేది. అలాగే లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. మైదానంలో పాతిన కర్రల మధ్య ఎనిమిది అంకెలా తిరిగి రావాలి. మొదటి కర్ర దాటకుండానే బండికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. బ్రేకు ఇనస్పెక్టరు మంచివాడు కాబట్టి, "ఇంకొంచెం నేర్చుకుని రామ్మా" అని ఊరుకున్నాడు. వచ్చేటప్పుడు మనోహర్ తోలుతుంటే, ఆమె వెనక కూర్చుని కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

ఇంటికొచ్చాక మనోహర్ నందిగాం ఆయన మాట మళ్ళీ ఎత్తాడు. 

"ఇంకొక్క పాలి ఎల్లనీ" అన్నాడు వైకుంఠరావు. "ఈపాలి కూడా అవ్వకపోతే బండి ఆయనకి ఇచ్చీద్దాం. మరి మాటాడొద్దు."

ఆ శనివారం కూతురు వాణి సెలవులకి టెక్కలి నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతోంది, మనుషుల మనసు గురించిన పాఠాలు. జరిగిందంతా విని, తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది.

"నీ తప్పు నేదమ్మా. మా మేడం సెప్పింది. ఒక కుక్క ఉన్నాదట. దానికి కూడు పెట్టే ముందల రోజూ గంట కొట్టీవారట. కొన్నాళ్ళకి కూడు నేకపోయినా గంట ఇంటే సాలు, దానికి నోరూరిపోయేదట."

బొడ్డమ్మ చెంపలు నొక్కుకుంది. "ఓలమ్మో! అయితే నా నూకరత్నాన్ని కుక్కని సేసీసినావేటే?"

"కుక్కకి గంటకీ కూటికీ ముడి పడింది. అమ్మకి సెయ్యికీ కాలుకీ ముడి పడింది. ఆ ముడి ఏసింది నువ్వే బొడ్డమ్మత్తా."

బొడ్డమ్మ రెండు జానలు పెరిగింది. "నాను ఏసిన ముడి కదేటి మరి! అంత బేగి ఊడుద్దా?"

"ఊడదీయక్కర్నేదు. దాని పక్కనే ఇంకో ముడి ఎయ్యాల" అంది వాణి.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. మనోహర్ వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. అరిస్తే దిగి నడిచి రావాలి. కాలు కదలకుండా బండి నాలుగు బారలు కదిలితే చాలు, వాణి "సెబాసమ్మా!" అని తల్లి నోట్లో జీడిపాకం ముక్క పెట్టేది. కాలు తొక్కితే తిట్టూ లేదు, పాకమూ లేదు. ఊరికే మళ్ళీ మొదలు. "నాకూ పెట్టొచ్చు కదే, నోరు మూసుకున్నందుకు" అని గొణిగేవాడు మనోహర్.

బండి మెల్లగా దారిలో పడింది. కాలి మీదే మనసుపెట్టి తోలితే కొంతదూరం బాగానే పోయేది. ఎదురుగా ఎవరైనా కనబడి, "ఎల్తన్నావేటి?" అని పలకరించారో, మనసు అటు పోయేది, కాలు ఇటు పడేది. పరీక్ష దగ్గరికొస్తోంది. నూకరత్నం ముఖంలో నెత్తురు తగ్గిపోతోంది.

అప్పుడే ఒకటి జరిగింది. పెరట్లో బొడ్డమ్మ ఇంటి అవసరానికి నాలుగు పిక్కలు కాల్చింది. కాల్చిన పెంకు నుంచి నల్లటి నూనె కారుతుంది. అది చర్మానికి తగిలితే నిప్పే. నూకరత్నం చూసుకోకుండా పెంకు మీద కాలేసింది, అదీ కుడికాలే. అరికాలు పొక్కింది. వాణి కొబ్బరినూనె రాసి, మెత్తటి గుడ్డ చుట్టి, ఆ కాలికి కాలేజీకి తొడుక్కునే తన గుడ్డ బూటు తొడిగింది.

"ఇయ్యాలకి మానీయమ్మా."

"నాను మానితే పరీచ్చ ఆగుద్దేటి? పదండి."

కుంటుకుంటూ వచ్చి బండెక్కింది. తిప్పింది. బండి కదిలింది. తోటలు దాటింది, సరుగుడు చెట్లు దాటింది, బాట చివర సముద్రం గాలి ముఖానికి కొట్టింది. ఎవరో చేయెత్తి పలకరిస్తే ఈమె కూడా తలూపింది. బండి ఆగలేదు. వెనక నుంచి మనోహర్ గుసగుసగా అన్నాడు.

"పిన్నీ, అరవటం నేదు, ఉత్తినే సెప్తన్నాను. ఎక్కడా ఆగనేదు నువ్వు."

అప్పుడు గాని ఆమెకు తెలియలేదు. బ్రేకు మీద మెత్తగా కాలు మోపి, బండి ఆపి, తన కాలి కేసి చూసుకుంది. పరాయి కాలిని చూసినట్టు చూసుకుంది.

"నొప్పి పుడతాదని కాలు కదల్లేదు, అంతే" అన్నాడు మనోహర్. "మానీసరికి మళ్ళీ మామూలే."

అతని నోట బెల్లం పడలేదు గానీ, మాట నిజమైంది. పొక్కు ఎండాక బూటు తీసేసి, అలవాటు ప్రకారం ఉత్త కాళ్ళతో బండెక్కింది. మళ్ళీ ఎక్కిళ్ళు. వాణి ముఖం చిన్నబోయింది. నూకరత్నం మాత్రం సీటు దిగలేదు. కళ్ళు మూసుకుంది. అరికాలిని పెడల్ మీద ఆనించింది, తీసింది, మళ్ళీ ఆనించింది. చల్లటి ఇనుము. ఆ చలువ అరికాలికి తగలగానే ముక్కుకి పెంకుల వాసన వచ్చింది. చెవిలో కత్తుల టకటక వినిపించింది. బొడ్డమ్మ నోరు వినిపించింది. ఎదురు వరసలో కూర్చునే ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి.

"ఒలే వాణీ" అంది కళ్ళు తెరవకుండానే. "కాలు మొండిది కాదే. దానికి ఇది బండని తెల్దు. ఉత్త కాలికి ఇనుము తగిలితే, షెడ్డుకొచ్చీసినాననుకుంటన్నాది."

వాణి గెంతింది. "అమ్మా! మేడం సెప్పింది అదే! నేర్సుకున్నది, నేర్సుకున్న సోటుకి అంటుకుపోయి ఉంటాదట. ఆ వాసన, ఆ పీట, ఆ తగలడం, ఏది దొరికినా లేసొచ్చేత్తాదట. నాను పరీచ్చకి రాసినాను గాని, మన బండి దగ్గిరే ఉందనుకోలేదు! బూటుంటే కాలికి షెడ్డు గుర్తు రాదు. సెప్పులేసుకుని తోలమ్మా!"

నూకరత్నం ముఖం ముడుచుకుంది. ఇదిగో, చిక్కు ఇక్కడ. "అన్నం పెట్టే బండి మీద సెప్పుల కాలెట్టమంటావా? నా వల్ల కాదు."

వాణి నచ్చజెప్పింది. మనోహర్ దండం పెట్టాడు. బొడ్డమ్మ కూడా ఈ విషయంలో నూకరత్నం వైపే. ఇంటికొచ్చినా అదే వాదన. అప్పుడు మంచం మీద నుంచి వైకుంఠరావు నవ్వడం వినబడింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడి ఎన్నాళ్ళైందో!

"ఏటే, ఇన్నేళ్ళు నాను సెండాలు ఏసుకునే తోలినాను కదా. బండి నాకు అన్నం పెట్టనేదా? మీరు తిననేదా?"

 ఆయన వంగి మంచం కింద నుంచి తన తోలు సెండాలు బయటికి లాగాడు. ఆటో తోలేటప్పుడు వేసుకునేవి. నీరు పట్టిన పాదాలకు అవి ఎక్కడం మానేసి చాలాకాలమైంది. కొంగుతో తుడవమన్నట్టు ఆమె చేతిలో పెట్టాడు.

"వీటికి తెలిసిందల్లా బండే. షెడ్డు మొకం సూడనేదివి. ఏసుకో."

నూకరత్నం వాటిని ముందు కళ్ళకద్దుకుంది, తర్వాత కాళ్ళకు వేసుకుంది. వదులుగా ఉంటే, కాశీబుగ్గలో చెప్పులు కుట్టే ఆయన చేత పట్టీకి కొత్త బెజ్జాలు వేయించుకుంది. ఇక చూడాలి ఆమె తోలడం! ఎక్కిళ్ళు తగ్గిపోయాయి. కాలు ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకుంది. అప్పుడు వాణి రెండో పాఠం పెట్టింది. బాట మధ్యకి కొబ్బరి డొక్క విసిరేది. డొక్క కనబడితేనే తొక్కాలి. తొక్కితే పాకం. ఊరికే తొక్కితే ఏమీ లేదు. బొడ్డమ్మ చెట్టు నీడన కూర్చుని పాట మార్చింది: "తిప్పు, సూడు, ఒగ్గు. డొక్కొస్తే నొక్కు!" పిల్లలు ఆ పాట పట్టుకుని ఊరంతా పాడుకున్నారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. మనోహర్ ముందుచూపు గలవాడు. నందిగాం ఆయన్ని మైదానానికే రమ్మన్నాడు, పని అక్కడికక్కడే తేలిపోతుందని. ఆయన వేపచెట్టు కింద నిలబడి, నూకరత్నాన్ని కాకుండా బండి చక్రాల్ని చూస్తున్నాడు. అది ఆమె కంటబడింది.  బండి దగ్గరికి రాగానే ఆమెకే తెలియకుండా వంగి, చేయి సెండాలు పట్టీ మీదికి పోయింది. భయమేస్తే మనిషి పాత అలవాటు దగ్గరికే పరుగెడుతుంది. వాణి దూరం నుంచి చూసి ఊపిరి బిగబట్టింది.

నూకరత్నం చేయి పట్టీ మీద ఆగింది. విప్పలేదు. ఇంకొంచెం బిగించింది. హేండిల్ తాకి కళ్ళకద్దుకుని ఎక్కింది.

తిప్పింది. బండి కదిలింది. మొదటి కర్ర దాటింది. వంపు తిరిగింది. ఎనిమిదిలో సగం గీసినట్టు పోయింది. ఇంకో వంపు తిరుగుతుండగా, ఎక్కడి నుంచి తప్పించుకొచ్చిందో, ఒక మేకపిల్ల గెంతుకుంటూ బండి ముందుకు దూకింది. జనం "ఓలమ్మో" అన్నారు. ఆ అరుపు నోళ్ళు దాటేలోపే నూకరత్నం కాలు పడింది. బద్దలయ్యే నొక్కు కాదు, గుండు పప్పు తీసే నొక్కు. బండి ఊగకుండా, ఇంజను ఆగకుండా, మేకపిల్లకి జానెడు దూరంలో నిలిచింది. మేకపిల్ల ఈమె కేసి చూసి, మే అని, తన దారిన పోయింది. నూకరత్నం మిగిలిన సగం పూర్తిచేసి తిరిగొచ్చింది.

బ్రేకు ఇనస్పెక్టరు దగ్గరికొచ్చాడు. "కాలు చురుగ్గా ఉందమ్మా. బ్రేకు ఎవరు నేర్పారు?"

"మా బొడ్డమ్మ నేర్పినాది సార్. జీడి షెడ్డులో" అంది నూకరత్నం. తల నిటారుగా ఉంది. కొంగు నెత్తి మీద లేదు, నడుముకి దోపి ఉంది. "ఎప్పుడు నొక్కకూడదో మా అమ్మాయి నేర్పినాది."

ఆయనకు సగమే అర్థమైంది. "పాసయ్యావు, వెళ్ళు" అన్నాడు.

మనోహర్ వేపచెట్టు దగ్గరికి నడిచాడు. "అన్నా, మరేటీ అనుకోకు. బండి అమ్మకానికి నేదు. మా పిన్ని తోల్తాది" అన్నాడు. చెప్పేటప్పుడు అతని ఛాతీ చూడాలి, పరీక్ష తనే నెగ్గినట్టు!

తర్వాత ఆసుపత్రికి వెళ్ళే రోజున పాకలోంచి బండి బయటికొచ్చింది. వైకుంఠరావు వెనక సీటు నడిమధ్యన కూర్చున్నాడు, కాళ్ళు చాపుకుని. కాశీబుగ్గలో షెడ్డు ముందు నుంచి పోతుంటే పప్పు ఒలిచే ఆడవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి ఈలలేశారు. పనిగట్టుకుని ముందే అక్కడికి చేరిన బొడ్డమ్మ దారికి అడ్డంగా నిలబడి, "నా సేతి ముడి అది! సూడండే!" అని అందరికీ చూపించింది. పలాస స్టేషన్ దగ్గర పాత స్నేహితులు, "ఏరా వైకుంఠం, డ్రైవర్ని పెట్టుకున్నావేటి?" అని ఎకసెక్కమాడారు.

"పెట్టుకున్నాను" అన్నాడు వైకుంఠరావు. "జీతం అడక్కండిరా, మన వల్ల అయ్యేది కాదు."

ముందు సీట్లో నూకరత్నం అద్దంలో ఆయన్ని చూసింది.  మెల్లగా తిప్పింది. బండి సాగింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఇంజను ఆపాక, కిందికి దిగి సెండాలు విప్పింది. ఉత్త కాళ్ళతో నిలబడి బండికి చేతులు జోడించింది. తోలేటప్పుడు తోలు, మొక్కేటప్పుడు ఉత్త కాలు. ఇప్పటికీ అదే ఆమె పద్ధతి.

విన్నారు కదా. మీకూ ఒకనాటికి ఒళ్ళైనా మనసైనా మాట వినని రోజొస్తుంది. అప్పుడు దాన్ని తిట్టకండి, అది ఎక్కడ ఉన్నాననుకుంటోందో అడగండి. నూకరత్నాన్ని తలుచుకోండి. మీ తర్వాత పుట్టే పిల్లల్ని ఇలాగే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. ఏది మరిచినా సరే, ఆ సెండాలు ఆయనవని చెప్పడం మాత్రం మరవకండి.